హార్డ్‌విక్ హాల్: గోడలకన్నా కిటికీలే ఎక్కువ

ఇంగ్లండ్‌లో డార్బీషైర్ వైపు వెళ్లే మనవాళ్లు చాలామంది చాట్స్‌వర్త్ అనే పెద్ద ప్రభువుల భవనం ఒక్కటి చూసి తిరిగొచ్చేస్తారు. అక్కడి తోటలు, ఫౌంటెన్లు బాగుంటాయి, కాదనను. కానీ పాతకాలపు ఇంగ్లిష్ ప్రభువుల ఇల్లు ఏ ఆలోచనతో కట్టారో తెలుసుకోవాలని ఉంటే ముందు హార్డ్‌విక్ హాల్‌కి వెళ్లండి. రెండింటి మధ్య కారులో గంట కూడా పట్టదు.

గుంటూరు నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్లతో కలిసి వెళ్లాం. లెస్టర్ నుంచి చెస్టర్‌ఫీల్డ్‌కి నేరుగా రైలుంది, అక్కడి నుంచి టాక్సీ. సొంత కారుంటే మాత్రం రైలు ఆలోచనే వద్దు. ఎమ్1 మోటార్‌వే 29వ జంక్షన్ దగ్గర దిగితే చాలు. భవనం గుట్ట మీద ఉంటుంది కాబట్టి మోటార్‌వే మీద నుంచే కనిపిస్తుంది.

ఈ ఇంటిని కట్టించింది బెస్ ఆఫ్ హార్డ్‌విక్ అనే ఆవిడ. ఆ ఊళ్లోనే ఓ మామూలు భూస్వామి ఇంట్లో పుట్టింది. నాలుగు పెళ్లిళ్లయ్యాయి, ఒక్కో పెళ్లితో ఆస్తి పెరిగింది. నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్ (ఎర్ల్ అంటే ప్రభువుల బిరుదు) 1590లో చనిపోయాడు. అదే ఏడు పని మొదలైంది, 1597లో ఆవిడ గృహప్రవేశం చేసింది. మన హైదరాబాద్‌లో చార్మినార్ లేచిన రోజులూ అవే. ప్లాను రాబర్ట్ స్మిత్‌సన్‌దని చెబుతారు. నాటింగ్‌హామ్‌లోని వొల్లటన్ హాల్ కూడా ఆయనదే.

ముందు లోపలికి వెళ్లకుండా ఎదురుగా కాసేపు నిలబడి చూడండి. మూడు అంతస్తులు, పైకి లేచిన ఆరు బురుజులు. బురుజుల మీద రాతిలో చెక్కిన ‘ఈఎస్’ అనే అక్షరాలు ఆవిడ పేరువే, ఎలిజబెత్ ష్రూస్‌బరీ. ఎలిజబెత్‌కి ముద్దుపేరే బెస్. తర్వాత కిటికీలు చూడండి. కింది అంతస్తువి చిన్నవి, రెండోవి పెద్దవి, అన్నిటికన్నా పైవి చాలా ఎత్తు. గాజు అప్పట్లో బాగా ఖరీదు. అంత గాజు పెట్టడమంటే తన సంపదని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ చూపించడమే. ఎత్తు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. కింద పనివాళ్లు, మధ్యలో కుటుంబం, పైన దర్బారు గదులు. హోదా పెరిగేకొద్దీ మెట్లెక్కాలి, సీలింగూ ఎత్తవుతుంది. బయటి నుంచే ఇదంతా చదువుకోవచ్చు.

ఇంత గాజు పెట్టినా గోడలు ఎలా నిలబడ్డాయని నాన్న అడిగారు. ఆయన ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు, అలాంటివి వదలరు. జవాబు ఇంటి మధ్యలో ఉంది. పొయ్యిలనీ పొగగొట్టాలనీ చాలావరకు లోపలి మందపాటి గోడల్లో పెట్టారు. బరువులో ఎక్కువ భాగం అవి మోస్తాయి కాబట్టి బయటి గోడల్ని కిటికీలకి వదిలేయగలిగారు. ముఖభాగం రెండు వైపులా ఒకేలా కనిపించాలని కొన్ని కిటికీల వెనక గదే లేకుండా ఉత్త గోడ కట్టేశారు. నాన్నకి ఈ సంగతి తెగ నచ్చింది.

లోపల హాలు కూడా కొత్త పద్ధతే. అంతకుముందు ఇళ్లలో హాలు ముఖద్వారానికి అడ్డంగా ఉండేది. ఇక్కడ తలుపు తీయగానే నిట్టనిలువుగా ముందు నుంచి వెనక వరకు సాగుతుంది. అక్కడి నుంచి రాతి మెట్లు ఇంటి పొడవునా తిరుగుతూ పై అంతస్తుకి తీసుకెళతాయి. మెట్లు వెడల్పు, ఎత్తు తక్కువ. అమ్మకి మోకాళ్ల నొప్పి, ఆగి ఆగి ఎక్కింది. గదుల్లో ఉండే వాలంటీర్లు అడగకముందే కుర్చీ చూపించారు. ఎంత ఓపికగా చెబుతారో! ప్రతి గదిలో ఒకరుంటారు, మీరే అడిగి మాట్లాడించండి.

మెట్లు చివరికి హై గ్రేట్ చాంబర్‌లోకి తెరుచుకుంటాయి. గోడ పైభాగమంతా రంగులు వేసిన ప్లాస్టర్ అడవి, జింకలు, వేట దేవత డయానా. పొయ్యి మీద రాచముద్ర. అప్పటి రాణి మొదటి ఎలిజబెత్ వస్తుందనే ఆశతో సిద్ధం చేసిన గది ఇది. రాణి ఒక్కసారీ రాలేదు. పక్కనే లాంగ్ గ్యాలరీ, దాదాపు 50 మీటర్ల పొడవు. అక్కడ బైబిల్ వీరుడు గిడియన్ కథని బొమ్మలుగా నేసిన గోడ తెరలు, అంటే టేపెస్ట్రీలు, 13 వేలాడుతుంటాయి. బెస్ వాటిని 1592లో పాతవే కొన్నది. వాటిని బాగుచేయడానికి 24 ఏళ్లు పట్టింది, ఆ పని 2023లో పూర్తయింది. రంగులు వెలిసిపోకుండా కిటికీల తెరలు దించి ఉంచుతారు, అందుకే లోపల మసకగా ఉంటుంది. వెలుగు కోసమే కట్టిన ఇంట్లో ఆ మసక నాకు కాస్త బాధ కలిగించింది. కానీ ఆ బట్టలు మిగలాలంటే వేరే దారి లేదు.

పక్కనే ఓల్డ్ హాల్ శిథిలాలున్నాయి, అదీ బెస్ కట్టించిందే. కప్పు లేదు, గోడల మీద పై అంతస్తుల ప్లాస్టర్ బొమ్మలు మాత్రం మిగిలాయి. వదలకండి.

ఇక వసతి. చెస్టర్‌ఫీల్డ్‌లో స్టేషన్ దగ్గరి చైన్ హోటల్‌లో దిగాం. గది చిన్నదే, శుభ్రంగా ఉంది, లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లతో అదే నయం. ఒక పల్లె పబ్ పైన గది కూడా చూశాం, అందంగా ఉంది గానీ మెట్లు మరీ ఇరుకు. హార్డ్‌విక్ కేఫ్‌లో శాకాహారులకి సూప్, స్కోన్లు దొరుకుతాయి, అన్నం కావాలంటే రాత్రికి టౌన్‌లోనే. తిరుగు టాక్సీ ముందే బుక్ చేసినా రాలేదు, ఫోన్ చేస్తే సరిగ్గా జవాబు చెప్పలేదు. గుట్ట మీద సిగ్నల్ కూడా అంతంతమాత్రం. కార్ పార్క్‌లో ఒక కుటుంబం మమ్మల్ని స్టేషన్ దాకా దింపింది. పెద్దవాళ్లతో వెళ్తే ఆ టెన్షన్ వద్దు, కారు అద్దెకి తీసుకోండి.

మర్నాడు చాట్స్‌వర్త్ చూశాం. అదీ బెస్ మొదలుపెట్టిన చోటే, కానీ ఇప్పుడున్నది 1686 తర్వాత తిరగకట్టినది, ఆ తర్వాతి తరాలూ తమ అభిరుచి ప్రకారం చేర్పులు చేశాయి. బెస్ వారసుల కుటుంబం అక్కడ స్థిరపడటం వల్లే హార్డ్‌విక్ పెద్దగా మారకుండా మిగిలింది. ఖర్చు విషయం ఒకటి గుర్తుంచుకోండి: హార్డ్‌విక్ 1959 నుంచి పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది, దాని మెంబర్‌షిప్ ఉంటే ప్రవేశం ఉచితం. చాట్స్‌వర్త్‌ని వేరే ట్రస్ట్ నడుపుతుంది, అక్కడ ఆ కార్డు చెల్లదు, టికెట్ కూడా ఎక్కువే. పిల్లలుంటే తోట కోసం చాట్స్‌వర్త్‌కి ఒక పూర్తి రోజు ఇవ్వండి. ఒక్క రోజే ఉంటే నా ఓటు హార్డ్‌విక్‌కే. ఇల్లు ఏడాది పొడవునా తెరిచి ఉండదు, కాబట్టి తేదీలు చూసుకునే బయల్దేరండి.