అలాస్కా క్రూజ్: వెనక బాల్కనీ మాత్రం తీసుకోకండి

పోయిన జూన్‌లో మా అబ్బాయీ కోడలూ మమ్మల్నిద్దర్నీ సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ ఎక్కించారు. వైజాగ్ తిరిగొచ్చిన దగ్గర్నుంచి చుట్టాలూ, పాత స్టాఫ్ రూమ్ వాళ్ళూ ‘ఎలా ఉంది, మేమూ వెళ్ళొచ్చా’ అని ఫోన్ల మీద ఫోన్లు. అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా. ఓడ పేరు మాత్రం అడక్కండి, రాయను. అయిదుకి మూడు స్టార్లు. తగ్గించిన రెండూ పొగ ఖాతాలోవే.

ముందు బాగున్నవి. గది చిన్నదే, కానీ తుడిచిన అద్దంలా ఉంచుతారు. బఫేలో ఒక మూల రోజూ మన వంటలు పెట్టారు: పప్పు, జీరా రైస్, ఏదో ఒక కూర. పోపు పెట్టడం వాళ్ళకి రాదు. సీలు తీయని గోంగూర పచ్చడి సీసా ఒకటి వెంట తీసుకెళ్ళాను కాబట్టి బతికాం. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి క్రూజ్ లాంటి సుఖం ఇంకోటి లేదు, ఊళ్ళే మన గుమ్మం దగ్గరికి వస్తాయి. టిప్పులు రోజుకింతని బిల్లులో వాళ్ళే కలిపేస్తారు, చివర్లో చూసి ఉలిక్కిపడకండి. విక్టోరియాలో ఆగుతుంది కాబట్టి కెనడా వీసా కూడా ఉండాలి. మన పాస్‌పోర్ట్ వాళ్ళు ఇది ఆరు నెలల ముందే చూసుకోండి.

ఇక అసలు సంగతి. బుక్ చేసిన ఏజెంట్ ‘ఇది పర్యావరణానికి మేలు చేసే ఓడ మేడమ్, వెనక వైపు బాల్కనీ అయితే సముద్రం మొత్తం కనపడుతుంది’ అని ఊరించాడు. సముద్రం కనపడింది, కాదనను. దానితోపాటు చిమ్నీ కూడా మా నెత్తిమీదే ఉంది.

సియాటిల్‌లో పియర్ 91 దగ్గర ఎక్కినప్పుడు చప్పుడే లేదు. బాల్కనీలోంచి కిందికి చూస్తే మణికట్టు లావు కేబుళ్ళు ఒడ్డు మీంచి ఓడ పొట్టలోకి వెళ్తున్నాయి. రేవులో ఉన్నంతసేపూ ఊరి కరెంటు వాడుకుని ఇంజిన్లు ఆపేస్తారట. నాకు తెగ నచ్చేసింది. సాయంత్రం కేబుళ్ళు తీసి ఓడ కదిలిన అరగంటకి వాసన మొదలైంది. కిరసనాయిలు స్టవ్ ఆర్పగానే వస్తుందే, ఆ వాసన. మావారికి ఆస్తమా. రెండో రోజు సముద్రంలో గాలి ఎదురు తిరిగేసరికి బాల్కనీ తలుపు మూసి ఇన్‌హేలర్ బయటికి తీయాల్సొచ్చింది.

మాది వన్ టౌన్. పోర్టు బొగ్గు పొడి ఆరేసిన బట్టల మీద పడటం చూస్తూ పెరిగిన ప్రాణం నాది. ఏ కిటికీ చూసినా వేలితో గీసి చూడటం అలవాటు. మూడో రోజు పొద్దున వెనక డెక్ మీద వాలుకుర్చీ చేతిని తెల్ల రుమాలుతో ఒకసారి తుడిచాను. నల్లటి గీత, మధ్యలో నూనె మెరుపు. మా ఇంటి కిటికీ మీద పడేది పొడిపొడిగా రాలిపోతుంది. ఇది కాటుకలా అంటుకుంది. ‘ఇక్కడికొచ్చి కూడా దుమ్ము చూస్తావేంటే’ అన్నారు మావారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకాయన కొన్ని క్రూజ్ ఓడల డెక్కుల మీద చెప్పకుండా గాలి కొలిచి 2019లో రిపోర్టు ఇచ్చారు, చిమ్నీకి వెనక భాగంలోనే సూక్ష్మ రేణువులు ఎక్కువ కనపడ్డాయని. ఇది నేను ఇల్లు చేరాక చదివాను. టిక్కెట్ కొనకముందు చదవాల్సింది.

ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఓడలు ఎక్కువగా కాల్చేది రిఫైనరీలో అన్నీ తీసేశాక అడుగున మిగిలే తారులాంటి నూనె. అందులో గంధకం ఎక్కువ, కాలితే సల్ఫర్ డయాక్సైడ్. 2020కి ముందు ప్రపంచమంతా ఆ నూనెలో 3.5 శాతం దాకా గంధకం ఉండొచ్చు. 2020 జనవరి నుంచి 0.5 శాతం. అమెరికా, కెనడా తీరాలకి 200 నాటికల్ మైళ్ళ లోపల మాత్రం 2015 నుంచీ 0.1 శాతమే. వినడానికి బాగుంది కదా? మన వైజాగ్ ఆటోలో పోసే బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకి 10 పాళ్ళు. 0.1 శాతం అంటే 1,000. అంటే లోకంలోకెల్లా కట్టుదిట్టమైన ఆ సముద్రంలో కూడా ఓడకి మన ఆటో కంటే 100 రెట్లు గంధకం ఉన్న నూనె చెల్లుతుంది. బంగాళాఖాతంలో ఇప్పటికీ 0.5 శాతమే కాబట్టి 500 రెట్లు. ఆటోవాడికేమో పొల్యూషన్ సర్టిఫికెట్ లేదని చలానా.

జూనోలో ఓడ దిగి ఊళ్ళో తిరుగుతుంటే వైఫై కోసం గోడ పక్కన కూర్చున్న మా ఓడ కుర్రాళ్ళు కనపడ్డారు. ఒకడు ఫోన్లో ‘అమ్మా, తిన్నావా’ అంటున్నాడు. ఇంకేముంది, వెళ్ళి పలకరించాను. శ్రీకాకుళం వైపు వాడు, ఇంజిన్ రూమ్‌లో పని. పర్సులో రుమాలు తీసి చూపించాను. నవ్వాడు.

‘మన ఓడకి స్క్రబ్బర్ ఉంది పిన్నీ. ఆయిల్ మార్చం, పొగని సముద్రం నీళ్ళతో కడుగుతాం. ఆ తెల్లటి పొగ అదే.’

‘కడిగిన నీళ్ళు?’

‘సముద్రంలోకే.’

ఇల్లు ఊడ్చి చెత్త పక్కవాళ్ళ గుమ్మంలో పోసినట్టుంది. సల్ఫర్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగితే ఆమ్లం. దానితోపాటు మసి, లోహాలు కూడా ఆ నీళ్ళలోకే. గాలి లెక్క సరిపోయింది కాబట్టి చట్టం దృష్టిలో ఓడ 0.1 శాతం నూనె కాల్చినట్టే. కొన్ని రేవుల్లో ఆ నీళ్ళు వదలనివ్వరని, అక్కడ మాత్రం మంచి ఆయిల్‌కి మారుస్తామని చెప్పాడు. ‘రేవు రేవుకీ ఒక కాయితం ఉంటాది పిన్నీ. అది చూసి స్విచ్చి ఎయ్యడమే.’

జూనో ఇంకో తమాషా. రేవులో కట్టేసిన క్రూజ్ ఓడకి ఒడ్డు కరెంటు ఇవ్వడం ప్రపంచంలో మొదలైందే ఆ ఊళ్ళో, 2001లో. అదీ జలవిద్యుత్తు. కానీ ఆ ఏర్పాటు ఉన్న డాక్ ఒకటే, మా ఓడ కట్టింది ఇంకోచోట. దాంతో రోజంతా ఇంజిన్లు నడుస్తూనే ఉన్నాయి. చుట్టూ కొండలు, పొగ పైకి పోకుండా లోయలోనే పల్చటి దుప్పటిలా పరుచుకుంది. ముప్ఫై వేల చిల్లర జనం ఉన్న ఊరికి ఒక్క సీజన్‌లో 16 లక్షలకి పైగా క్రూజ్ జనం దిగుతున్నారు. పాపం, విసిగిపోయి 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద ఓడలే అని హద్దు పెట్టుకున్నారు.

మంచు నదులుండే గ్లేసియర్ బే పార్కు గురించి ఎంత చెప్పినా తక్కువే. అక్కడ రోజుకి రెండే క్రూజ్ ఓడలకి అనుమతి. పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి ఓడెక్కి మైకులో అన్నీ వివరిస్తారు. మంచు పెళ్ళ విరిగి పడినప్పుడు చప్పుడు కాసేపటికి గానీ మనకి చేరదు. నీలం రంగు మంచు చూసి మావారు దగ్గు కూడా మర్చిపోయారు. ఈ ఒక్క రోజుకే రెండు స్టార్లు ఇచ్చాను. ఇంకో మజిలీ కెచికాన్ మామూలు ఊరే, అన్నీ షాపులు.

చివరి రాత్రి విక్టోరియా. ఎనిమిదింటికి చేరి అర్ధరాత్రికి బయల్దేరాం. అంత పొద్దుపోయాక అక్కడ చూడటానికేముందని మా కోడల్ని అడిగితే నవ్వేసింది. అమెరికాలో 1886 నాటి చట్టం ఒకటుందట. విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో ఎక్కించుకుని తిప్పి మళ్ళీ అక్కడే దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవు ముట్టుకుని రావాలి. క్రూజ్ ఓడల్లో చాలావాటికి బహామాస్ జెండానో పనామా జెండానో ఉంటుంది. అందుకని ఈ మొక్కుబడి. మేం వెళ్ళేనాటికి ఆ రేవులో ఒడ్డు కరెంటు లేదు. నాలుగు గంటలు ఇంజిన్లు నడిపి, జనం పడుకునే వేళకి ఆ పొగంతా వాళ్ళ మీద వదిలి వచ్చేశాం. మేమూ దిగి ఐస్‌క్రీమ్ తిన్నాం లెండి, మరీ నీతులు చెప్పను.

మీరు వెళ్తే నా మాట వినండి. గది ముందు వైపో మధ్యలోనో, కింది అంతస్తుల్లో తీసుకోండి. డబ్బు కాస్త ఎక్కువైనా పర్లేదు. ఆస్తమా ఉంటే చిమ్నీ వెనక డెక్ మీద యోగా క్లాసులకి వెళ్ళకండి. మావారు వెళ్ళారు, అవస్థ పడ్డారు. ఏజెంట్‌ని స్క్రబ్బర్ ఉందా, ఏయే రేవుల్లో ఒడ్డు కరెంటు తీసుకుంటుంది అని అడగండి. మా ఏజెంట్‌కి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. యూరప్ వెళ్ళేవాళ్ళకి ఒక కబురు: మధ్యధరా సముద్రంలో కూడా 2025 మే నుంచి 0.1 శాతం వచ్చింది. అదే కంపెనీల ఓడలు రేపు మన విశాఖ క్రూజ్ టెర్మినల్‌కి వస్తే ఏ నూనె కాలుస్తాయో పైన లెక్క చెప్పాను.

అలాస్కా సీజన్ అక్టోబర్‌తో సరి. ఆ తర్వాత మా శ్రీకాకుళం కుర్రాడు వేరే ఓడకి మారి సింగపూర్ వెళ్ళాడు. 2020 నుంచీ ఆ రేవులో స్క్రబ్బర్ నీళ్ళు వదలనివ్వరు. దీపావళికి వాట్సాప్‌లో శుభాకాంక్షలు పెట్టి కింద ఒక ముక్క రాశాడు: ‘ఇక్కడ స్క్రబ్బర్ బంద్ పిన్నీ. రేపు గీత దాటాక మళ్ళీ ఆన్.’