సొంత సర్వర్‌లో మిద్దెతోట: నాలుగేళ్ళు డిస్కోర్స్ వాడాక

'గింజలు' అని రాస్తే పోస్టు ఎగిరిపోతోందని మాకు అర్థమయ్యేసరికి మూడు రోజులు పట్టింది. 2021 జూన్, తొలకరి పడ్డ వారం. మిద్దెతోటల వాళ్ళకి అది పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది. మా గ్రూపులో తెనాలి పిన్నిగారు (అందరూ అలాగే పిలుస్తారు, నేనూ అంతే) ఏటా పెట్టినట్టే పెట్టారు: "నాటు బీర గింజలు ఇరవై పొట్లాలు కట్టాను. స్టాంపు అంటించిన కవరు పంపితే చాలు, డబ్బులేమీ వద్దు." గంటలో మాయం. ఆ స్థానంలో ఒక్క ముక్క: నియంత్రిత వస్తువుల అమ్మకం. ఆవిడ పట్టు వదలకుండా మళ్ళీ పెడితే వారం రోజులు ఏమీ రాయకుండా ఖాతాకే తాళం పడింది.

ఆ సైట్ పేరు ఇక్కడ అనవసరం. ఉచితంగా చోటిచ్చిన పెద్ద సైట్, అంతే. రూల్ మారినట్టు మెయిల్ లేదు, నోటీసు లేదు. రూల్స్ పేజీ తీసి చూస్తే 'మొక్కలు, విత్తనాలు' అనే రెండు మాటలు అందులో కొత్తగా వచ్చి కూర్చున్నాయి. అడ్మిన్‌ని నేనే కాబట్టి అక్షింతలన్నీ నా నెత్తినే పడ్డాయి. "ఏం బాబూ, నా బీరకాయ మీద నీకేం కోపం?" అని పిన్నిగారు ఫోన్ చేశారు. నేను తీసెయ్యలేదండీ, కంపెనీ వాళ్ళు తీసేశారు అంటే నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఆవిడకి కనిపించే కంపెనీ నేనే.

మొదటి వారం అంతా కేకలు. ఫిర్యాదు ఫారం నింపితే మెషీన్ జవాబు, దాని మీద ఇంకో ఫిర్యాదు పెడితే అదే జవాబు. వందమందికి పైగా ప్రొఫైల్ ఫోటోలు తీసేసి బీరపువ్వు పెట్టుకున్నారు. రెండో వారానికి కోపం చల్లారి తెలివి మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదుగానీ గింజలు కాస్తా 'ముత్యాలు' అయ్యాయి. "ఎర్ర బెండ ముత్యాలు ఉన్నాయి, కవరు పంపండి." ఆ సైట్ మెషీన్‌కి ముత్యాలతో పేచీ లేదు. కానీ ఇలా దొంగల భాషలో ఎన్నాళ్ళు మాట్లాడుకుంటాం? ఆగస్టులో డిస్కోర్స్ పెట్టాను. నాలుగేళ్ళు దాటింది. మాలాగే మూటాముల్లే సర్దుకోవాలనుకునే వాళ్ళ కోసం ఈ సమీక్ష.

డిస్కోర్స్ తెలియని వాళ్ళకి రెండు మాటలు. మన సర్వర్‌లో మనమే పెట్టుకోగల చర్చావేదిక సాఫ్ట్‌వేర్ ఇది, ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది). జెఫ్ ఆట్‌వుడ్, రాబిన్ వార్డ్, శామ్ శాఫ్రన్ కలిసి 2013లో బయటపెట్టారు. ఆట్‌వుడ్ అంతకుముందు 2008లో జోయెల్ స్పోల్‌స్కీతో కలిసి స్టాక్ ఓవర్‌ఫ్లో (ప్రోగ్రామర్లు ప్రశ్నలు, జవాబులు రాసుకునే సైట్) పెట్టినాయన. 2012లో ఆయన వదిలి వచ్చిన ఆ ఇంట్లోనే 2023 జూన్‌లో మోడరేటర్లు సమ్మె చేశారు. ఏఐ రాసిన జవాబుల మీద బయటికి చెప్పిన రూల్ ఒకటి, మోడరేటర్లకి లోపల చెప్పింది ఇంకొకటి అన్నది వాళ్ళ గొడవ. అదే రోజుల్లో క్రమం తప్పకుండా రావాల్సిన డేటా డంప్ (సైట్‌లోని ప్రశ్నలు, జవాబుల కాపీ) రాలేదని గమనించి నిలదీసింది కూడా మామూలు యూజర్లే. ప్రోగ్రామర్లకే ఆ గతి పడితే బీర పాదుల వాళ్ళం మేమెంత!

ఇన్‌స్టాల్ చెయ్యడం అనుకున్నంత కష్టం కాదు, అనుకున్నంత తేలికా కాదు. డాకర్ (సాఫ్ట్‌వేర్‌ని దాని సరంజామాతో సహా ఒకే పెట్టెలో పెట్టి నడిపే పద్ధతి) మీద నడుస్తుంది, వాళ్ళిచ్చిన సూచనలు పాటిస్తే గంటలో లేస్తుంది. 1 జీబీ మెమరీ ఉన్న చౌక సర్వర్ తీసుకుంటే స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్క్‌ని వాడుకునే ఏర్పాటు) పెట్టడం మర్చిపోకండి. నేను మర్చిపోయాను. అప్‌డేట్ మధ్యలో ఊపిరాడక ఆగిపోయింది. ఇప్పుడు 2 జీబీది, నెలకు వెయ్యి రూపాయల చిల్లర. మొదట్లో నా జేబులోంచే, తర్వాత చందాలు.

అసలు చిక్కు మెయిల్ దగ్గర. డిస్కోర్స్‌కి మెయిల్ లేనిదే పూట గడవదు: ఖాతా తెరవాలన్నా మెయిలే, పాస్‌వర్డ్ మర్చిపోయినా మెయిలే. మావాళ్ళలో సగం మందికి మెయిల్ అంటే బ్యాంకు వాళ్ళు పంపేది. ఫోన్ కొన్నరోజు షాపు కుర్రాడు చేసిచ్చిన ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. పైగా కొత్త సర్వర్ నుంచి వెళ్ళే మెయిళ్ళు తిన్నగా స్పామ్‌లో పడతాయి. పాత గ్రూపులో మూడు వేల పైచిలుకు ఉండేవాళ్ళం. మొదటి ఆరు నెలల్లో ఇక్కడికి చేరింది నాలుగొందల మంది. మిగతా వాళ్ళకి కోపం లేక కాదు, ఓపిక లేక. బీరపువ్వు పెట్టుకోవడానికి రెండు నొక్కులు చాలు, ఇల్లు మారడానికి సామాన్లు మొయ్యాలి.

వచ్చినవాళ్ళని ఇంకో రెండు విషయాలు చికాకు పెట్టాయి. కొత్త సభ్యుడి మొదటి పోస్టులో ఒక్క ఫోటోకి మించి ఒప్పుకోదు, సెట్టింగ్స్ మార్చకపోతే. స్పామ్ ఆపడానికి అది మంచిదే. కానీ మొక్కకి జబ్బు చేస్తే మనవాళ్ళు ఆకు పైన ఒకటి, కింద ఒకటి, కాండం, కుండీ అంటూ నాలుగు తీస్తారు. మిరపకి ముడత అంటూ పరిగెత్తుకొచ్చిన మనిషిని 'ఒక్కటే' అని గుమ్మంలో ఆపితే ఏం బావుంటుంది? రెండోది, ఇరవై అక్షరాల కన్నా చిన్న జవాబు తీసుకోదు. తెలుగులో గుణింతం గుర్తునీ ఒక అక్షరంగానే లెక్కేస్తుంది, అదొక్కటే మనకి లాభం. అయినా 'బాగుందండీ' సరిపోదు. దాంతో నెలరోజులు మా సైట్ నిండా "బాగుందండీ బాగుందండీ బాగుందండీ" అని ఒకటే పాట. ఈ రెండూ సెట్టింగ్స్‌లో సరిచేసుకోవచ్చు. మొదటిరోజే చెయ్యండి.

తెలుగు సంగతి. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చుగానీ అనువాదం పూర్తిగా లేదు, మధ్యలో ఇంగ్లీషు తొంగి చూస్తుంది. వెతుకులాట ఫర్వాలేదు: మాట మొదటి భాగం కొడితే మిగతాది అదే పట్టుకుంటుంది. 'మొక్క' అంటే మొక్కలు, మొక్కలకు అన్నీ వస్తాయి. తిరగేసి 'మొక్కలకు' అని వెతికితే ఉత్త 'మొక్క' ఉన్న పోస్టు దొరకదు. విభక్తులు దానికి తెలియవు పాపం. టాపిక్ లింకులు మాత్రం తెలుగు పేరుతో రావాలంటే ఒక సెట్టింగ్ వెతికి మార్చాలి.

దీనిలో నాకు బాగా నచ్చినది ఫోటోల విషయం. ఎవరైనా వేరే సైట్‌లోని ఫోటోని లింకుతో అతికిస్తే, డిస్కోర్స్ దాన్ని మన సర్వర్‌లోకి కాపీ చేసుకుంటుంది. ఇదెందుకు గొప్పో తెలియాలంటే 2017 గుర్తుచేసుకోవాలి. ఆ జూన్ చివర్లో ఫోటోబకెట్ అనే ఫోటోలు దాచుకునే సైట్ చడీచప్పుడు లేకుండా నిబంధనలు మార్చి, బయట సైట్లలో తన ఫోటోలు కనిపించాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టమంది. ఏళ్ళ తరబడి అక్కడ ఫోటోలు దాచుకుని, కార్లు బాగుచెయ్యడం గురించో తోటపని గురించో పాఠాలు రాసుకున్న జనం మర్నాడు తెరిచి చూస్తే ప్రతి ఫోటో స్థానంలో ఖాతా మార్చుకోమనే ఒకే బొమ్మ. 'ఇదిగో ఇక్కడ కొయ్యండి' అని రాత ఉంది, ఎక్కడ కొయ్యాలో చూపే ఫోటో లేదు. మరుసటి ఏడాది కంపెనీ వెనక్కి తగ్గింది. ఈలోపు చాలామంది వేరే దారి చూసుకున్నారు.

కానీ ఈ కాపీలు ఊరికే రావు, డిస్క్ తింటాయి. ఖాళీ 10 శాతానికి పడిపోతే కాపీ చెయ్యడం దానంతట అదే ఆపేస్తుంది. 2023 వానాకాలంలో మాకు అక్కడిదాకా వచ్చింది. నా తప్పు మొదలైంది అక్కడే.

ఆ ఏడాది అప్పటికే ఒకసారి తిట్లు తిన్నాను. 3.0 వెర్షన్ వేస్తే ఎడమ పక్కన కొత్త పట్టీ వచ్చింది, పాత మెనూ అలవాటైన వాళ్ళు దారి తప్పారు. అది నేను చేసింది కాదు అని తప్పించుకున్నాను. ఈసారి చేసింది నేనే. ఒక రాత్రి పదకొండింటికి, ఫోటోలు ఎక్కువున్న విభాగంలో మూడు నెలలు కదలని టాపిక్‌లన్నీ ఏరి ఒక్కసారిగా మూసేసి పడుకున్నాను. పాతవి మూస్తే ఫోటోలు చేరడం తగ్గుతుందని లెక్క. చెప్పాలని తోచలేదు. చిన్న విషయమే కదా.

మూడు సీజన్లుగా నడుస్తున్న నాటు వంగ టాపిక్ మూతపడింది. ప్రతి పంటలోనూ ఏ మొక్క కాయలు గింజకి వదిలారో, ఎంత ఎండకి తట్టుకుందో పిన్నిగారు ఫోటోతో సహా పెట్టేవారు. వేసవిలో రాసేదేమీ ఉండదు కాబట్టి మూడు నెలలు కదలదు, అంతే. ఆవిడ కొత్త నారు ఫోటో పెట్టబోతే తాళం కనిపించింది. వేరే టాపిక్‌లో రాశారు: "బాబూ, వాళ్ళూ ఇలాగే చేశారు."

అంతకుమించి ఏమీ లేదు. కింద నూట పన్నెండు మంది లైకులు కొట్టారు. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివి కప్పు కింద పెట్టేశాను. మా ఆవిడ అయితే "ప్రొఫైల్‌లో వంగపువ్వు పెట్టుకున్నారా ఇంకా లేదా?" అని అడిగింది. సాయంత్రానికి అదీ అయింది.

ఆ రోజే తాళాలు తీశాను. డిస్క్‌కి నెలకి ఇంకో మూడొందలు పడింది, చందాల్లోంచే ఇచ్చారు. మొదటే అడిగి ఉంటే అప్పుడూ ఇచ్చేవాళ్ళు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. డిస్కోర్స్‌లో స్టాఫ్ యాక్షన్ లాగ్స్ అని ఒక చిట్టా ఉంటుంది. ఏ సెట్టింగ్ ఎవరు ఎప్పుడు మార్చారో, ముందు ఏముందో, ఇప్పుడేముందో అన్నీ అందులో రాసుకుంటుంది. అది నిర్వాహకులకే కనిపిస్తుంది, సభ్యులకి కనిపించదు. డిస్కోర్స్ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. సభ్యులకి సంబంధించిన మార్పుల వరకైనా వాళ్ళు చూసే వీలుండాలి. ఇప్పుడు నేనే నెలకోసారి అందులోని మార్పులు తీసి పేజీ పైన పిన్ చేస్తున్నాను. కొత్తగా ఏం మార్చాలన్నా ఏడు రోజుల ముందు పోల్. సెక్యూరిటీ అప్‌డేట్‌లకి మాత్రం పోల్ లేదు, రాత్రి పదకొండు తర్వాత వేసేస్తాను, పది పదిహేను నిమిషాలు సైట్ ఉండదు.

బ్యాకప్ గురించి చెప్పకపోతే అన్యాయం. పోస్టులు, ఖాతాలు, ఫోటోలు అన్నీ కలిపి ఒక్క ఫైల్‌గా దించుకోవచ్చు. పోయినేడు సర్వర్ ఇచ్చే కంపెనీని మార్చాం, శనివారం రాత్రి దించి ఆదివారం టిఫిన్ వేళకి కొత్తచోట ఎక్కించాను. పిన్నిగారికి తేడా తెలియలేదు. పాత చోటు నుంచి మేము తెచ్చుకోగలిగింది స్క్రీన్‌షాట్లు మాత్రమే. వెయ్యి రూపాయలు, మెయిల్ తలనొప్పి, అర్ధరాత్రి అప్‌డేట్లు అన్నీ ఈ ఒక్క ఫైల్ కోసం భరించవచ్చు, మీలో ఒక్కరికైనా సర్వర్ పని చేసే ఓపిక ఉంటే. లేకపోతే వద్దు. ఆ ఒక్కరు మంచాన పడితే ఎవరు చూస్తారో కూడా ముందే అనుకోండి. మాకు ఇప్పుడు ముగ్గురి దగ్గర తాళంచెవులున్నాయి.

మొన్న ఫిబ్రవరిలో ఒక పోల్ పెట్టాను. గింజలు పంచుకునే విభాగానికి అలవాటు కొద్దీ 'ముత్యాలు' అనే పేరే ఉండిపోయింది. ఇప్పుడు మనల్ని ఆపేవాళ్ళు లేరు కదా, 'విత్తనాలు' అని మారుద్దామా అని అడిగాను. ఏడు రోజులు ఆగాను. చిత్తుగా ఓడిపోయాను. పిన్నిగారు కూడా ముత్యాలకే వేశారు. పేరు అలాగే ఉంది. నిన్న కొత్తగా చేరిన ఒకాయన అందులో మొదటి పోస్టు పెట్టాడు: "అసలైన హైదరాబాదీ ముత్యాలేనా అండీ, సర్టిఫికెట్ ఇస్తారా?"