చేపల చెరువుకి పచ్చిమేత: అజోల్లానా, డక్‌వీడా, తూటికూరా?

మొన్న పాతపట్నం నుంచి మా బావ వచ్చాడు. చెరువు గట్టు మీద కూర్చుని, నేను చేపల మేతకి వేరుశనగ చెక్క నానబెట్టిన బకెట్టు వైపు చూసి, "ఏటిరా, దీనికింత డబ్బు తగలేస్తున్నావు? అజోల్లాలో పాతిక శాతం ప్రొటీన్ ఉందట కదా. అదే వేసుకుంటే పోలేదా?" అన్నాడు.

ఒడిశాలో మా కాశీనగరం, పర్లాకిమిడి వైపు చిన్న చెరువులున్న వాళ్ళు చాలామంది అడిగేది ఇదే. పాతిక శాతం అబద్ధం కాదు, కాకపోతే అది ఎండబెట్టి తూచిన లెక్క. అజోల్లా నీటి మీద తేలే చిన్న మొక్క, పచ్చిగా ఉన్నప్పుడు అందులో 93, 94 శాతం నీళ్ళే. వంద కిలోలు ఎండబెడితే ఆరేడు కిలోలు మిగులుతుంది. అందులో ప్రొటీన్ కిలోన్నర. వేరుశనగ చెక్కలోనైతే నలభై శాతం పైమాటే. అంటే కిలో చెక్కకి బదులు పాతిక, ముప్పై కిలోల పచ్చి అజోల్లా మోయాలి.

"అయితే పనికిరాదంటావా?"

పనికొస్తుంది బావా, చెరువులో దాన్ని తినేవాడుంటే. ఏ మొక్క మేలని అడిగే ముందు ఏ చేప ఉందని అడగాలి. బొచ్చె (కట్లా) నీటి పైభాగంలో తేలే సన్నటి జీవుల్ని తింటుంది. మోసు (మృగాల్) అడుగున బురదలో వెతుక్కుంటుంది. రోహు పచ్చిది కాస్త కొరుకుతుంది గానీ దాని మీదే బతకదు. ఆకుని ఆకుగా నమిలి తినేది గడ్డిచేప (గ్రాస్ కార్ప్). దాని పళ్ళు నోట్లో కాదు, గొంతులో ఉంటాయి. 1959లో హాంకాంగ్ నుంచి దాన్ని మన దేశానికి తెచ్చినప్పుడు ముందు దించింది ఇక్కడే, ఒడిశాలోని కటక్‌లో. గడ్డిచేప తిన్నదాంట్లో చాలాభాగం అరగకుండానే బయటికి వస్తుంది. ఆ పెంటే చెరువుకి ఎరువు. దానితో పెరిగిన సన్న జీవులు బొచ్చెకి, అడుగున చేరింది మోసుకి. గడ్డిచేప లేని చెరువులో పచ్చిమేత పోస్తే చాలావరకు కుళ్ళడానికే.

నా చెరువు ముప్పై సెంట్లు. పక్క పొలం ఒడియా రైతు ముప్పై డిసిమిల్ అంటాడు, రెండూ ఒకటే. ఆరువందల పిల్లలు వేస్తే అందులో అరవై గడ్డిచేపలు. ఒక్కోటి అరకిలో అయ్యేసరికి మొత్తం ముప్పై కిలోలు. రోజుకి ఒంటి బరువులో సగం తిన్నాయనుకున్నా పదిహేను కిలోల పచ్చిమేత కావాలి. అందరూ చెప్పే అజోల్లా మడి రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు. బాగా చూసుకుంటే అది రోజుకి ఇచ్చేది అరకిలో, కాస్త పైన. ముప్పై మడులు పెట్టుకోవాలన్నమాట! మడులు కాదు, రెండున్నర మూడు సెంట్ల విడి గుంట కావాలి. ఈ లెక్క ఎవరూ ముందు చెప్పరు.

గుంట ఉందనుకుందాం. అందులో ఏది పెంచాలి?

అజోల్లా ఆకు గదుల్లో ఒక నాచు కాపురం ఉంటుంది, గాలిలోని నత్రజనిని అదే పట్టి ఇస్తుంది. అందుకే పేద నీళ్ళలోనూ పెరుగుతుంది. దానికి కావాల్సింది భాస్వరం. పేడనీళ్ళతో పాటు అయిదు రోజులకోసారి గుప్పెడు సూపర్ ఫాస్ఫేట్ చాలు. అది తక్కువైతే ఆకులు ఎర్రబడతాయి, ఎండ ముదిరినా ఎర్రబడతాయి. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో కొబ్బరాకు పందిరి వేయకపోతే వారంలో మడి ఖాళీ. మిగిలింది ఆవుకీ, కోళ్ళకీ పెట్టొచ్చు. మా ఇంట్లో దాని గెలుపు అక్కడే. చేపలకంటే ముందు ఆవే చెప్పింది బాగుందని.

డక్‌వీడ్ వేరే రకం. నీటి మీద తేలే మెంతి గింజంత ఆకులు, కింద సన్నటి వేరు. గాలి నుంచి ఏదీ తీసుకోదు, నీళ్ళలో ఉంటేనే తింటుంది. పేడనీళ్ళు చిక్కగా ఉంటే రెండు మూడు రోజుల్లో రెట్టింపు అవుతుంది, ఎండబెట్టి చూస్తే ప్రొటీన్ ముప్పై అయిదు శాతం దాకా వెళ్తుంది. నీళ్ళు పలచనైతే పదిహేనుకి పడిపోతుంది. ఎలా తెలుస్తుందంటే, చెంచాతో కొద్దిగా ఎత్తి చూడండి. వేళ్ళు పొట్టిగా ఉంటే కడుపు నిండినట్టు. దారాల్లా పొడుగ్గా వేలాడుతుంటే ఆకలి మీదున్నట్టు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ డక్‌వీడ్ గుంటల మీదుగా ఊరి మురుగునీళ్ళు పంపి, శుభ్రపడ్డాక చేపల చెరువులోకి వదిలే పద్ధతి తయారుచేసింది. మనకి మురుగు అక్కర్లేదు, పశువుల శాల కడిగిన నీళ్ళు చాలు. వేలెడంత గడ్డిచేప పిల్లలు కూడా దీన్ని మింగగలవు. చిన్న పిల్లలకి అజోల్లా కంటే ఇదే నయం. ఒకటే తలనొప్పి, గాలి వీస్తే అంతా ఒక మూలకి చేరిపోతుంది. వెదురు బొంగులతో గడులు కట్టాల్సిందే.

తూటికూర, మా ఒడియా పొరుగువాళ్ళ కలమ శాగ, గట్టు వారన దానంతటదే పాకుతుంది. పెద్ద గడ్డిచేపలకి ఇష్టం, మనకీ కూర. కాడ ముదిరితే మాత్రం చేప వదిలేస్తుంది. కాలవల్లో దొరికే హైడ్రిల్లా నాచు పెద్ద చేపలకి బ్రహ్మాండం, ఖర్చు లేదు. తెచ్చే ముందు పైన ఏ పొలానికి పురుగుమందు కొట్టారో కనుక్కోండి. గుర్రపుడెక్కని చేపమేత అనే వాళ్ళ మాట వినకండి, అది కంపోస్టుకే.

మొదటి ఏడు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. మడులెందుకు, చెరువులోనే అజోల్లా వదిలేస్తే అదే పెరుగుతుంది, అవే తింటాయి అనుకున్నాను. వర్షాలు మొదలయ్యాక మూడు వారాల్లో నీళ్ళు కనిపించకుండా పచ్చటి చాప పరిచినట్టు అయింది. చూడ్డానికి ఎంత బాగుందో! ఒక రోజు తెల్లవారుజామున అయిదింటికి వెళ్తే, ఆ చాప చిరిగిన చోటల్లా చేపలు నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. వెలుతురు లేక కిందున్న సన్న జీవులు చచ్చి, నీళ్ళలో ఆక్సిజన్ అయిపోయింది. మోటారు పెట్టి నీళ్ళు చిమ్మించి, చీరతో అజోల్లా లాగాం. ముప్పై దాకా బొచ్చెలు పోయాయి, గడ్డిచేపలు బతికాయి.

ఇప్పుడు మూడు సెంట్ల గుంటలో సగం డక్‌వీడ్, సగం అజోల్లా. చెరువులో ఒక మూల వెదురు చట్రం తేలుతుంటుంది, మేత అందులోనే. పొద్దున వేసింది సాయంత్రానికి మిగిలితే మర్నాడు తగ్గిస్తాను. చెక్క మానలేదు, సగానికి తగ్గించాను, అది బొచ్చె, రోహుల వాటా. చలికాలంలో గడ్డిచేపల తిండి మందగిస్తుంది కాబట్టి అప్పటి మేతంతా ఆవుకే.

బావ వెళ్తూ ఒక కవర్లో అజోల్లా పట్టుకెళ్ళాడు. ఆయన చెరువులో గడ్డిచేపలు లేవు. ఆవుకోసంలే అన్నాడు.