సంగమేశ్వరం బోటు: వంద రూపాయలకు ఏం చూపిస్తారు?

ముందే చెప్తున్నా, ఇది గుడి గురించి రాసింది కాదు, గుడి చుట్టూ తిప్పే బోటు గురించి. మనిషికి వంద తీసుకున్నారు, ముప్పావు గంట తిప్పారు, నేను ఐదుకు మూడున్నర ఇస్తున్నా.

ఫిబ్రవరి మొదట్లో పోయాం, నేనూ, మా చెల్లెలూ, ఎనభై దాటిన మా జేజీ. కర్నూల్లో పొద్దున్నే కారులో బయల్దేరి, నందికొట్కూరులో ఉగ్గాని బజ్జీ తిని (బజ్జీ బాగుంది, ఉగ్గానిలో పప్పుల పొడి తక్కువైంది), ఆత్మకూరు మీదుగా పోయాం. చివరి కొన్ని కిలోమీటర్లు రోడ్డు అనుకుని పోతే బాధపడతారు, బాట అనుకుని పోండి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. సంగమేశ్వరం గుడి ఉండేది నంద్యాల జిల్లాలో, శ్రీశైలం డ్యాం వెనక కృష్ణ నీళ్లు నిలిచే చోట. శ్రీశైలం డ్యాం పూర్తిగా నిండితే నీటిమట్టం 885 అడుగులు, అప్పుడు ఈ గుడి మొత్తం నీళ్ల కిందే. నీళ్లు దిగేకొద్దీ ముందు శిఖరం కనబడుతుంది, ఆ తర్వాత గోడలు, చివరికి లోపలున్న వేపమాను లింగం. ఏడాదిలో ఏడెనిమిది నెలలు నీళ్లలో నానే కట్టె అది, ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్తారు. మేం పోయిననాటికి శిఖరం మాత్రమే తేలింది. దర్శనం కావాలంటే వేసవిలో పోండి, నడిచే లోపలికి పోవచ్చు. బోటు కావాలంటే మాత్రం మేం పోయిన రోజులే సరి.

ఇప్పుడు మార్కులు ఎక్కడ పోయాయో చెప్తా. బోటులో పదకొండు మందిమి, లైఫ్ జాకెట్లు నాలుగు. అందులో ఒకదానికి బకిల్ విరిగిపోయి సుతిలి తాడు కట్టారు. అడిగితే "ఏం కాదులే అన్నా, రోజూ తిప్పుతాం కదా" అన్నారు. 2007 జనవరిలో ఇదే కృష్ణలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా పోయారు, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆ సంగతి మర్చిపోయినవాళ్లు ఉండరు. అయినా జాకెట్లు నాలుగే. దీనికి ఒక మార్కు కోశాను. గట్టు మీద ఆడవాళ్లకు బాత్రూం లేదు, కాసేపు నిలబడదామంటే నీడ లేదు, దీనికి అర.

బోటు నడిపే అన్న మాత్రం మంచి మనిషి. డీజిల్ ఇంజన్ చప్పుడులో మాట వినబడదని శిఖరం దగ్గరికి రాగానే ఆపేసి, వెదురు గడతో లోతు చూసుకుంటూ నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. ఇంకో పిల్లాడు కోసిన నూనె డబ్బాతో అడుగున చేరిన నీళ్లు తోడుతూనే ఉన్నాడు. శిఖరం మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంది, మేం చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి పోయినా లేవలేదు. రాయి మీద మట్టి చారలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నీళ్లు ఏ రోజు ఎంత దిగాయో వాటిని చూసి చెప్పొచ్చన్నాడు బోటు అన్న.

ఏడు నదులు కలిసే చోటని అక్కడ అందరూ చెప్తారు. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి. నిజానికి ఈ దరిదాపుల దాకా సొంత పేరుతో వచ్చేవి కృష్ణ, తుంగభద్ర, భవనాసి, ఈ మూడే. తుంగా భద్రా శివమొగ్గ దగ్గర కూడలిలోనే ఒకటైపోతాయి, వేణి మహారాష్ట్రలోనే కృష్ణలో కలుస్తుంది, మలాపహారిణి కర్ణాటకలోనే, భీమ కర్ణాటక తెలంగాణ సరిహద్దులో కలిసిపోతాయి. అయినా ఏడు పేర్లూ చెప్తారు. పెళ్లి శుభలేఖలో ఎప్పుడో పోయిన తాత ముత్తాతల పేర్లు కూడా వేయిస్తాం కదా, అట్లా. భవనాసి మన నల్లమలలో పుట్టిందే, చిన్నది, ఎండాకాలం దాన్ని వాగు అన్నా తప్పులేదు, కానీ అంత దూరాల నుంచి వచ్చిన పెద్ద నదుల పక్కన దాని పేరూ పలుకుతారు. నాకు ఆ ఏడింటిలో అదే నచ్చింది.

జేజి సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. ఆమె ఊరు ఆ నీళ్ల కిందే ఉంది. 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో అదొకటి. బోటెక్కేటప్పుడు వంద అనగానే, "నా ఊరు చూసుకునేదానికి నేను దుడ్లు ఇయ్యాలనా?" అని తగులుకుంది. బోటు అన్న నవ్వి, "నీకు వద్దులే అవ్వా" అన్నాడు. మా చెల్లెలు ఇచ్చేసింది. శిఖరం దాటి కొంచెం ముందుకు పోయాక జేజి చెయ్యి చూపించి, "అటుపక్క మా బాయి, దాని ఎనక కల్లం" అంది. అక్కడ ఉన్నది ఒట్టి నీళ్లే. బోటు అన్న అడక్కుండానే మళ్లీ ఇంజన్ ఆపాడు. ఐదు నిమిషాలు ఆగాం, మిగతావాళ్లు కూడా ఏమీ అనలేదు. ఆమె ఏడవలేదు, ఏ పొలం ఎవరిదో వరసగా చెప్పుకుంటూ పోయింది, మధ్యలో ఎవరో గట్టు జరిపిన గొడవ గుర్తొచ్చి వాళ్లను తిట్టింది కూడా.

బతుకు నదిలాంటిది, ముందుకు పారుతూనే ఉంటుంది అని చాలామంది రాస్తారు. ఇక్కడికొచ్చి చూడమనండి. డ్యాం కట్టాక ఇక్కడ నది ఎనక్కి వచ్చి నిలబడింది. జేజి మాటలూ అంతే, ఎక్కడ మొదలుపెట్టినా ఆ కల్లం దగ్గరికే ఎనక్కి వస్తాయి.

పారే నీళ్లు వేరే దారిన పోతున్నాయి. పోతిరెడ్డిపాడు గేట్ల గుండా తెలుగుగంగ కాలువలోకి, అక్కడి నుంచి వెలుగోడు, కడప జిల్లా, సోమశిల, కండలేరు దాటి చెన్నై దాకా. పొలం పోయాక మా చిన్నాయన పని వెతుక్కుంటూ పోయింది కూడా చెన్నైకే. ఈ మాట చెప్తే జేజి కాసేపు ఆలోచించి, నా ఫోన్ తీసుకుని బోటులోంచే ఆయనతో మాట్లాడింది. "రేయ్, మన బాయి నీళ్లు నీకొస్తాండాయంట గదరా." చిన్నాయన, "మాకు ట్యాంకర్ వస్తాదిమా, ఎండలో ఎక్కడ తిరుగుతాండావు నువ్వు?" అన్నాడు.

తిరిగొచ్చాక గట్టు మీద చేపలు వేయించి ఇచ్చారు, కారం దిట్టంగా ఉంది, ముళ్లు ఎక్కువ. నీళ్ల సీసా, టోపీ మీరే తెచ్చుకోండి. పిల్లలతో పోయేవాళ్లు జాకెట్లు లెక్కపెట్టి ఎక్కండి, తక్కువైతే తర్వాతి ట్రిప్పు దాకా ఆగండి, మేం ఆగలేదు, అది మా తప్పే.

మేం మళ్లీ పోతాం, మే నెలలో. అప్పటికి నీళ్లు బాగా దిగుతాయి కాబట్టి ఆ బావి ఉన్న చోటు బయటపడితే ఫోన్ చేస్తానని బోటు అన్న మా చెల్లెలి నంబర్ రాసుకున్నాడు.