కృత్రిమ స్ఫింక్టర్‌తో కొన్నేళ్లు: ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత మూత్రం మీద అదుపు

క్యాన్సర్ వల్ల ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీయించుకున్న తర్వాత నాకు మూత్రం మీద అదుపు తిరిగి రాలేదు. ఏఎంఎస్ 800 అనే కృత్రిమ స్ఫింక్టర్‌ను, అంటే మూత్రాన్ని ఆపి ఉంచే కండర వలయానికి బదులుగా పనిచేసే పరికరాన్ని, అమర్పించుకుని ఇప్పటికి చాలా ఏళ్లయింది. మూత్రం ఎక్కువగా కారిపోయేవారికి ఇంతకంటే మేలైన మార్గం నాకు కనిపించలేదు. అయితే ఇది ఒకసారి పెట్టించుకుని మరచిపోగలిగే వస్తువు కాదన్నది అమర్పించుకోకముందే తెలిసి ఉండాలి.

ప్రోస్టేట్‌ను తీసినప్పుడు మూత్రాశయం ముఖం దగ్గర ఉండే లోపలి కండర వలయం చాలావరకు దెబ్బతింటుంది, ఆపైన భారమంతా బయటి వలయం మీదే పడుతుంది. నరాలను కాపాడడం, మూత్రనాళాన్ని వీలైనంత పొడవుగా మిగల్చడం, దాని వెనుక భాగానికి ఆసరాగా కుట్లు వేయడం, మూత్రాశయం ముందున్న కణజాలాన్ని కదిలించకుండా వెనుక నుంచి గ్రంథిని చేరుకోవడం వంటి పద్ధతులను సర్జన్లు అనుసరించేది ఈ నష్టాన్ని తగ్గించడానికే. ఇవన్నీ తొలి ఆపరేషన్‌లోనే జరగవలసినవి. ఆ దశ దాటినవారిలో ఎక్కువమందికి కటి కండరాల వ్యాయామాలతో ఏడాదిలోపు అదుపు వస్తుంది కాబట్టి డాక్టర్లు సాధారణంగా 6 నెలల నుంచి ఏడాది వరకు వేచి చూస్తారు. నేనూ వేచి చూశాను, వ్యాయామాలు శ్రద్ధగా చేశాను, అయినా కుర్చీలోంచి లేచి నిలబడితే చాలు ప్యాడ్ తడిసిపోయేది.

24 గంటల్లో వాడిన ప్యాడ్లను తూచి, మూత్రమార్గంలోకి కెమెరా పంపి ఎక్కడా ఇరుకు లేదని నిర్ధారించుకున్న తర్వాత డాక్టరు నా ముందు రెండు మార్గాలు ఉంచారు. మూత్రనాళం కింద పట్టీ వేసే స్లింగ్ ఆపరేషన్ కొద్దిపాటి లేదా మధ్యస్థ లీకేజీకి బాగా పనిచేస్తుంది, దానిలో నొక్కవలసినదేమీ ఉండదు, ఎప్పటిలాగే మూత్రానికి వెళ్లవచ్చు. నా లీకేజీ ఆ హద్దు దాటినందువల్లా, రేడియేషన్ కూడా తీసుకున్నందువల్లా స్ఫింక్టరే మేలన్నారు. రేడియేషన్ తీసుకున్నవారిలో కఫ్, అంటే స్ఫింక్టర్‌లో మూత్రనాళం చుట్టూ ఉండే పట్టీ, ఆ నాళాన్ని ఒరుసుకుని లోపలికి చొచ్చుకుపోయే ప్రమాదం ఎక్కువని కూడా అప్పుడే విడమరిచి చెప్పారు. అలా దాచకుండా చెప్పే డాక్టరు దొరకడం చాలా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

దీనిలో మూడు భాగాలుంటాయి: మూత్రనాళం చుట్టూ కఫ్, వృషణాల సంచిలో పంపు, పొత్తికడుపులో బెలూన్. లోపలంతా ద్రవం నిండి ఉంటుంది. కఫ్ నిండి ఉన్నంతసేపూ నాళం మూసుకుని ఉంటుంది. పంపు నొక్కితే ఆ ద్రవం బెలూన్‌లోకి వెళ్లి నాళం తెరుచుకుంటుంది, రెండు మూడు నిమిషాల్లో కఫ్ దానంతటదే మళ్లీ నిండుతుంది. గాయం మానేదాకా, అంటే సుమారు 6 వారాలపాటు, దీన్ని పనిచేయించరు. ప్యాడ్లతో గడపవలసిన ఆ కాలమే అన్నిటికంటే కష్టమైనది.

పంపు పైభాగం గట్టిగా ఉంటుంది, ఆపివేసే బొత్తాం అక్కడే ఉంటుంది. నొక్కవలసింది మెత్తగా ఉండే కింది భాగాన్ని. ఒక చేతి వేళ్లతో పైన కదలకుండా పట్టుకుని, రెండో చేతి బొటనవేలు, చూపుడువేలుతో కింది భాగం చప్పగా అణిగేదాకా కొన్నిసార్లు నొక్కుతాను. మొదట్లో తడబడ్డా, తర్వాత చూడకుండానే చేయగలిగాను. గట్టిగా దగ్గినప్పుడో, బాగా అలసిన సాయంత్రమో కొన్ని చుక్కలు పడతాయి కాబట్టి పల్చటి ప్యాడ్ ఒకటి ఇప్పటికీ పెట్టుకుంటాను. చుక్క కూడా పడకూడదని ఆశించేవారికి ఇది నిరాశ కలిగించవచ్చు. నాకు మాత్రం భయం లేకుండా నలుగురిలో కూర్చోగలగడమే కొండంత లాభం. సైకిల్ సీటు మీద కూర్చుంటే కఫ్ మీద ఒత్తిడి పడుతుంది కనుక దాన్ని పూర్తిగా మానేశాను.

కొన్నేళ్లకు పంపును మునుపటికంటే ఎక్కువసార్లు నొక్కవలసి రావడం, లీకేజీ మెల్లగా పెరగడం గమనించాను. కఫ్ కింద నాళం సన్నబడిందని తేలడంతో ఇంకో ఆపరేషన్‌లో చిన్న కఫ్ వేశారు, అదుపు తిరిగి వచ్చింది. ఈ పరికరం కాలక్రమంలో మరమ్మతు కోరవచ్చునని ముందే తెలిసినందువల్ల ఆ కబురు నన్ను కుంగదీయలేదు.

మూత్రం తీయడానికి వేసే గొట్టం, అంటే క్యాథెటర్, విషయంలో ఎంత జాగ్రత్తపడ్డా తక్కువే. ముందుగా కఫ్ తెరవకుండా, బొత్తాంతో పరికరాన్ని ఆపకుండా క్యాథెటర్ వేస్తే మూత్రనాళం దెబ్బతింటుంది. వేరే జబ్బుతో ఒక ఆస్పత్రిలో చేరినప్పుడు నర్సు ఈ సంగతి తెలియక క్యాథెటర్ సిద్ధం చేస్తుంటే నేను ఆపి, యూరాలజిస్టును పిలిపించమన్నాను. అప్పటి నుంచి పరికరం వివరాలున్న కార్డు జేబులోంచి తీయలేదు. స్పృహలో లేనప్పుడు చెప్పవలసింది ఇంట్లోవాళ్లే కాబట్టి వారికీ అన్నీ నేర్పాను. చేతివేళ్లలో పట్టు తగ్గినవారు, జ్ఞాపకశక్తి మందగిస్తున్నవారు ఆపరేషన్‌కు ఒప్పుకోకముందే నమూనా పంపును అడిగి తీసుకుని, తామే నొక్కి చూడడం మంచిది.