డ్రాగన్స్ డాగ్మా: మొదటి భాగం మేలా, రెండో భాగం మేలా?

జపాన్ సంస్థ క్యాప్‌కామ్ 2012లో విడుదల చేసిన ‘డ్రాగన్స్ డాగ్మా’ అనే వీడియో గేమ్‌కు రెండో భాగం రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 2024 మార్చి 22న అది విడుదలైన రోజునే స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నవారి అభిప్రాయాలు చాలావరకు ప్రతికూలంగా నమోదయ్యాయి. అయినా రెండు వారాలు గడవక ముందే 25 లక్షల కాపీలు అమ్ముడైనట్లు సంస్థ ప్రకటించింది. తిట్టినవారిలో చాలామంది తిడుతూనే ఆడారు. రెండు భాగాలకూ దర్శకుడు హిదెయాకి ఇత్సునోయే కావడం, మొదటి భాగంలోని మొండి పద్ధతులను ఆయన రెండోదానిలో సడలించకపోగా కొన్నిచోట్ల మరింత బిగించడం వల్ల, ఇప్పుడు కొత్తగా ఈ లోకంలోకి అడుగుపెట్టేవారికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది: మొదటి భాగానికి 2013లో వచ్చిన విస్తరించిన రూపం ‘డార్క్ అరైజన్’ ఆడటం మేలా, నేరుగా రెండో భాగానికి వెళ్లడం మేలా?

రెండింటిలోనూ కథకు మూలం ఒకటే. గుండెను డ్రాగన్ పెకలించుకుపోయినా బతికి బయటపడిన మనిషి, అంటే అరైజన్, ఆ డ్రాగన్‌ను వెతుక్కుంటూ బయలుదేరుతాడు. అతని వెంట ముగ్గురు అనుచరులుంటారు. ఆటలో వీరిని పాన్‌లు అంటారు. ఒకరిని మనమే తయారు చేసుకుంటాం, మిగతా ఇద్దరినీ ఇతర ఆటగాళ్లు తయారు చేసినవారిలోంచి తెచ్చుకుంటాం. రెండో భాగం మీద వచ్చిన ఫిర్యాదులన్నిటినీ ఒకే గంపలో వేసి ‘కష్టమైన ఆట’ అని తేల్చేయడం సరికాదని నా అభిప్రాయం. కష్టం ఉండటం తప్పు కాదు. ఆ కష్టం ముందుగా కంటికి కనిపిస్తోందా, కనిపించాక ఆటగాడు చేయగలిగింది ఏమైనా మిగిలి ఉందా అన్నది చూడాలి. ఆ కొలతతో చూస్తే కొన్ని విషయాల్లో రెండో భాగం మొదటిదాన్ని దాటిపోతుంది, కొన్నిటిలో చెప్పుకోలేనంతగా వెనకబడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు ప్రయాణం గురించి. ఈనాటి చాలా ఆటల్లో పటం తెరిచి, చూసిన ఊరి మీద నొక్కితే క్షణంలో అక్కడ ఉంటాం. రెండో భాగంలో అది కుదరదు. ఒక చోటి నుంచి మరో చోటికి ఎగిరిపోవాలంటే ఫెర్రీస్టోన్ అనే రాయి ఒకటి ఖర్చు చేయాలి, అది దుకాణంలో 10,000 బంగారు నాణేలు. పైగా పోర్ట్‌క్రిస్టల్ అనే స్ఫటికం ఉన్న చోటికే వెళ్లగలం. మొదటి భాగం తొలి రూపంలోనూ ఇదే నియమం, ఇదే చిరాకు. దాన్ని తీర్చడానికే డార్క్ అరైజన్‌లో ఎన్నిసార్లు వాడినా తరగని ఫెర్రీస్టోన్‌ను చేర్చారు. 2016లో వచ్చిన పీసీ రూపంలోనైతే అది ఆట మొదట్లోనే అందరికీ అందుతుంది. కాబట్టి సౌకర్యమే కావాలనుకునేవారికి డార్క్ అరైజనే మేలు, అందులో వాదించడానికి ఏమీ లేదు.

అయితే ఈ ఒక్క విషయంలో నేను రెండో భాగం పక్షమే. మొదటి భాగంలో నడక విసుగు పుట్టించేది, ఎందుకంటే ఆ దారుల్లో మూడోసారి నడిచేటప్పటికి ఏ మలుపులో ఏ దొంగల గుంపు కూర్చుందో కంఠతా వచ్చేసేది. రెండో భాగంలో ఎద్దుబండి ఉంది. రాజధాని వెర్న్‌వర్త్ నుంచి ఉత్తరాన ఉన్న మెల్వ్ ఊరికి కొద్దిపాటి నాణేలు ఇచ్చి ఆ బండి ఎక్కవచ్చు, ఎక్కి కునుకు తీస్తే గమ్యం చేరాక మెలకువ వస్తుంది. అంతా సవ్యంగా సాగితేనే సుమా. మధ్యలో గాబ్లిన్లు బండిని అడ్డగిస్తే లేచి పోరాడాలి. ఒక్కొక్కసారి ఆకాశం నుంచి గ్రిఫిన్ నేరుగా బండి మీదే వాలి, దాన్ని ముక్కలు ముక్కలు చేస్తుంది, ఇక మిగిలిన దారంతా కాలినడకే. తెలివైన ఆటగాడు ఆ గ్రిఫిన్ వీపు మీదికే ఎగబాకి, రెక్కల కింది ఈకలు పట్టుకుని వేలాడితే, గాయపడిన ఆ పక్షి తన గూడు దాకా అతణ్ని మోసుకుపోతుంది. పటంలో ఇంతవరకు చూడని మూల అది, చీకటి పడబోతోంది, వెంట వచ్చిన అనుచరులు ఎక్కడో కింద ఉండిపోయారు. ఇక్కడ ప్రయాణ సౌకర్యాన్ని తగ్గించడం వల్ల పోయినదానికంటే వచ్చినదే ఎక్కువ. ఆపద దారి మీదే ఎదురవుతుంది, ఎదురైన ప్రతిసారీ ఆటగాడికి చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది.

దెబ్బలు తింటున్న కొద్దీ ఆరోగ్యపు గరిష్ఠ పరిమితే తగ్గిపోతూ ఉండటం కూడా ఈ ప్రయాణంతో ముడిపడిన నియమమే. మంత్రంతో, మూలికలతో ఎంత నయం చేసినా తగ్గిన ఆ భాగం తిరిగి రాదు. సత్రంలో గానీ, మోసుకొచ్చిన గుడారం వేసుకుని గానీ ఒక రాత్రి పడుకుంటేనే వస్తుంది. రాత్రి బస మీద శత్రువులు దాడి చేస్తే గుడారమే పాడైపోవచ్చు. ఇది చాలామందికి నచ్చలేదు. మొదటి భాగంలో మూట నిండా మూలికలు నింపుకుని, పోరాటం మధ్యలో ఆట ఆపి, పిడికెడు నమిలి మళ్లీ కత్తి దూసేవారు. దానితో పోలిస్తే ఎప్పుడు వెనుదిరగాలో ఆలోచింపజేసే ఈ పద్ధతి మెరుగైనదనే చెప్పాలి. (బసలో మాంసం కాల్చేటప్పుడు మాత్రం నిజమైన మాంసాన్ని చిత్రీకరించిన వీడియో చూపిస్తారు; శాకాహారులు ఆ దృశ్యాన్ని దాటవేయవచ్చు.)

ఇంత ఆలోచించి కట్టిన ప్రయాణ పద్ధతిని సంస్థ తన చేతులతోనే అపహాస్యం పాలు చేసింది. ఆట విడుదలైన రోజునే ఒక పోర్ట్‌క్రిస్టల్, చనిపోయినవారిని లేపే వేక్‌స్టోన్లు, అనుచరులను తెచ్చుకోవడానికి వాడే రిఫ్ట్ స్ఫటికాలు వంటివి విడివిడిగా నిజమైన డబ్బుకు అమ్మకానికి పెట్టింది. ఇవన్నీ ఆటలోనే దొరుకుతాయని సంస్థ వివరణ ఇచ్చింది, ఆ మాట నిజమే. కొనకుండా ఆట పూర్తి చేయడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ అక్కడ నష్టం జేబుకు కాదు, నమ్మకానికి. ప్రయాణం కఠినంగా ఉండటమే ఆటకు అందమని ఒకవైపు చెబుతూ, మరోవైపు ఆ కాఠిన్యాన్ని తగ్గించే వస్తువును అంగట్లో పెడితే, కాఠిన్యం వెనుక ఉన్నది కళాదృష్టా, వ్యాపారదృష్టా అన్న అనుమానం ఆటగాడికి రాక తప్పదు. విడుదల నాటి కోపంలో సగం ఈ అనుమానం నుంచి పుట్టిందే.

సేవ్ పద్ధతి, అంటే ఆట ఎంతవరకు వచ్చిందో భద్రపరిచే తీరు విషయంలో జరిగిన చర్చలో ఒక చిన్న పొరపాటు ఉంది. ఒకే ఒక్క సేవ్ ఉండటం రెండో భాగం కొత్తగా తెచ్చిన కట్టడి కాదు, మొదటి భాగంలోనూ అంతే. తేడా ఏమిటంటే, మొదటి భాగంలో పాతదాన్ని చెరిపేసి కొత్తగా మొదలుపెట్టే అవకాశం మెనూలోనే ఉండేది. రెండో భాగంలో విడుదల నాటికి అది కూడా లేదు. పాత్రను తీర్చిదిద్దడానికి గంటలు వెచ్చించి, ఆట మొదలయ్యాక ముఖం నచ్చక మళ్లీ ఆరంభించాలనుకున్నవారు కంప్యూటర్‌లో ఫైళ్లు వెతికి చెరుపుకోవలసి వచ్చింది. వారం తిరిగేసరికి వచ్చిన ప్యాచ్‌లో (లోపాలు సవరించే అప్‌డేట్‌లో) ఆ అవకాశం ఇచ్చారు, రూపం మార్చుకునే పుస్తకాన్ని 99 సార్ల వరకు కొనుక్కునే వీలూ కల్పించారు. ఇంత సులభంగా ఇవ్వగలిగినదాన్ని ముందే ఎందుకు ఇవ్వలేదన్నదానికి కళాపరమైన సమాధానం ఏదీ నాకు తోచదు.

ఒకే సేవ్ ఉండటం వల్ల లాభం లేకపోలేదు. రెండో భాగంలో పర్వతాల మీది గుడిలో కూర్చున్న స్ఫింక్స్ రెండు చోట్ల కలిపి పది పొడుపు కథలు వేస్తుంది. వాటిలో ఒకటి, ఆటలో అన్నిటికంటే ముందు మీకు దొరికిన ‘సీకర్స్ టోకెన్’ ఏ చోట దొరికిందో అక్కడికి తిరిగి వెళ్లి, అక్కడున్న వస్తువును తెమ్మంటుంది. ఏ బావి పక్కనో, ఏ ఇంటి కప్పు మీదో ఎప్పుడో ఏరుకుని మరచిపోయిన నాణెం లాంటి వస్తువు అది. ఒక్కో ఆటగాడికి ఆ చోటు ఒక్కోటి కాబట్టి, ఇంటర్నెట్‌లో వెతికినా జవాబు దొరకదు. వెనక్కి వెళ్లి మరో సేవ్ తెరిచే వీలుంటే ఈ ప్రశ్నకు పస ఉండేది కాదు. ఆటగాడి జ్ఞాపకాన్నే పరీక్షకు పెట్టిన ఇటువంటి ఘట్టం మొదటి భాగంలో లేదు.

కానీ అదే ఒక్క సేవ్, డ్రాగన్స్‌ప్లేగ్ అనే అంటువ్యాధితో కలిసినప్పుడు గోరుచుట్టు మీద రోకటిపోటు అవుతుంది. ఇది అనుచరులకు సోకే జబ్బు. ఒకరి నుంచి ఒకరికి, ఒక ఆటగాడి లోకం నుంచి మరొకరి లోకానికి పాకుతుంది. సోకిన అనుచరుడు మాట వినడం తగ్గిస్తాడు, తల పట్టుకుంటాడు, కళ్లు ఎర్రగా మెరుస్తాయి. అది ముదిరిన స్థితిలో మీరు సత్రంలో పడుకుంటే, ఆ రాత్రి అతడు విరుచుకుపడి ఊళ్లోవారిని చంపేస్తాడు. తెల్లవారి లేచేసరికి దుకాణదారులు, కథ నడిపించేవారు, మీకు ఇష్టమైనవారు అందరూ శవాలై ఉంటారు. సేవ్ కూడా సత్రంలో పడుకున్నాకే జరిగిపోయి ఉంటుంది. వేక్‌స్టోన్లతో ఒక్కొక్కరినీ లేపవచ్చు గానీ ఒక ఊరిని లేపడానికి ఎన్ని కావాలో లెక్కేసుకోండి.

భావనగా ఇది అద్భుతమైనది. అపరిచితుడిని ఇంట్లోకి తెచ్చుకోవడంలో ఉన్న భయం మొత్తం ఇందులో ఉంది. అమలులోనే లోపం. తొలిసారి దీన్ని గురించి ఆట చెప్పే తీరు ఒక చిన్న సూచనతో సరిపోతుంది, ఫలితం మాత్రం పదుల గంటల ఆటను తలకిందులు చేస్తుంది. హెచ్చరికకూ శిక్షకూ పొంతన లేదు. విడుదలైన కొన్ని వారాలకే వ్యాధి సోకే అవకాశాన్ని తగ్గించి, కళ్ల ఎరుపు మరింత స్పష్టంగా కనిపించేలా ప్యాచ్ ఇవ్వడాన్ని బట్టి, తయారీదారులకూ ఈ సంగతి అర్థమైందని అనుకోవచ్చు. ఈలోగా ఆటగాళ్లు తమ వైద్యం తాము కనిపెట్టారు: నీళ్లలో పడితే ఎవరినైనా మింగేసే బ్రైన్ అనే జీవం నదుల్లో ఉంటుంది కనుక, అనుమానం వచ్చిన అనుచరుణ్ని అమాంతం ఎత్తి ఏట్లో పడేయడమే ఆ వైద్యం. జబ్బు పోతుంది, మళ్లీ పిలిస్తే అతడు ఏమీ జరగనట్టు వస్తాడు. డార్క్ అరైజన్‌లో అనుచరులు చేసే అపకారమల్లా చెప్పిన మాటే వందసార్లు చెప్పి చెవులు తినేయడం. చెవినొప్పి, ఊరి వినాశనం, రెండిట్లో ఏది మేలో వేరే చెప్పాలా?

పోరాటాల సంగతికి వస్తే తీర్పు అంత సులభం కాదు. మొదటి భాగంలో తొమ్మిది వొకేషన్లు (పాత్ర ఎంచుకునే పోరాట వృత్తులు), రెండోదానిలో పది; అంకె పెరిగింది గానీ చేతిలో ఉండే విద్యలు తగ్గాయి. మొదటి భాగంలో స్ట్రైడర్ దగ్గర బాకులకు మూడు, విల్లుకు మూడు, మొత్తం ఆరు ప్రత్యేక విద్యలు ఒకేసారి సిద్ధంగా ఉండేవి. రెండో భాగంలో బాకులు థీఫ్‌కు, విల్లు ఆర్చర్‌కు పంచేశారు, ఎవరికైనా నాలుగే విద్యలు. దగ్గరికి దూకి పొడిచి, వెనక్కి గెంతి బాణం వేసే ఆ లయకు అలవాటు పడినవారికి ఇది చేయి నరికినట్టే అనిపిస్తుంది. బట్టల మీద కవచం, కవచం మీద అంగీ అని పొరలు పొరలుగా తొడుక్కునే సరదా కూడా పోయింది. వీటికి బదులుగా రెండో భాగం ఇచ్చింది శరీరాల బరువు. సైక్లాప్స్ అనే ఒంటికన్ను రాక్షసుడి కాలు లాగి కూలదోయవచ్చు, అది లోయకు అడ్డంగా పడితే దాని వీపు మీదుగా ఆవలి ఒడ్డుకు నడిచిపోవచ్చు. తొలి ఇరవై గంటల్లో ఇంతకు మించిన పోరాటాలు ఈ తరహా ఆటల్లో అరుదు. ఆ తరువాత మాత్రం అదే గాబ్లిన్లు, అవే బల్లిమనుషులు, అదే దొంగల ముఠా పది అడుగులకొకసారి ఎదురై ప్రాణం తీస్తారు. మొదటి భాగంలోనూ శత్రువుల రకాలు పరిమితమే అయినా, డార్క్ అరైజన్ తెచ్చిన బిటర్‌బ్లాక్ ద్వీపం ఆ కొరతను పూర్తిగా తీర్చింది. లాంతరు పట్టుకుని ఆ సొరంగాల్లో తిరుగుతుండగా కొడవలితో మృత్యువే ఎదురు వస్తుంది; తొలిసారి చూసినప్పుడు పారిపోవడమొక్కటే మార్గం. రెండో భాగంలో దానికి సాటి వచ్చే చోటు లేదు.

సాంకేతికంగా చూస్తే రెండో భాగం జనం ఉన్న చోట తడబడుతుంది. ఊళ్లో తిరిగే ప్రతి మనిషికీ విడిగా లెక్కలు వేయడం వల్ల ప్రాసెసర్ మీద భారం పడి, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్నా రాజధానిలో ఫ్రేమ్‌రేటు (సెకనుకు తెర మీద మారే చిత్రాల సంఖ్య) పడిపోతుంది. ప్యాచ్‌లతో కొంత మెరుగైంది. డార్క్ అరైజన్ సాధారణ లాప్‌టాప్‌లోనూ హాయిగా నడుస్తుంది. పాన్‌ల పాతకాలపు ఇంగ్లీషు మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఇబ్బంది పెడుతుంది, తెలుగు సబ్‌టైటిల్స్ కూడా లేవు.

పీసీ పాతదైతే, లేదా పోరాటమే ప్రధానమైతే డార్క్ అరైజన్‌తో మొదలుపెట్టడం మేలని నా సలహా. దారి తప్పడంలో ఆనందం ఉన్నవారు రెండో భాగానికి నేరుగా వెళ్లవచ్చు, కథ తెలియకపోయినా నష్టం లేదు. అయితే వారికి ఒక్క సంగతి ముందే చెప్పాలి. మొదటి భాగంలో డ్రాగన్ చచ్చాక రాజధాని గ్రాన్ సోరెన్ నడిబొడ్డున అగాధం తెరుచుకుంటుంది, అందులో 20 వేక్‌స్టోన్లు సంపాదిస్తేనే అసలు ముగింపు. తొందరేమీ ఉండదు, ఎన్నాళ్లయినా తిరగవచ్చు. రెండో భాగంలో దాచిపెట్టిన ముగింపు లోకంలో సముద్రాలు ఎండిపోతాయి, పడుకున్న ప్రతి రాత్రికీ ప్రపంచం కొంత కొంతగా చెరిగిపోతుంది, పాత లోకానికి తిరుగుదారి ఉండదు. అది చాలా గొప్ప ఘట్టమే గానీ, మిగిలిన పనులు తరువాత చూసుకుందామని వాయిదా వేసినవారందరూ అక్కడే మోసపోయారు. డ్రాగన్‌తో తేల్చుకోవడానికి వెళ్లే ముందే స్ఫింక్స్ పొడుపు కథలు, బాకీ పడిన చిన్న పనులు అన్నీ పూర్తి చేసుకోండి. 2024లో చేర్చిన క్యాజువల్ మోడ్ ఆటలోని కష్టాన్ని కొంత తగ్గిస్తుంది గానీ, ఈ తిరుగులేని మలుపును తీసేయదు.