ఆర్.కె. బీచ్ ఎదుట ఫ్లాటు: మొదటి వరసలోనా, వెనక వీధిలోనా?

విశాఖపట్నంలో కాస్త స్తోమత సమకూరిన కుటుంబం ఇల్లు మారాలనుకున్నప్పుడు తలచుకునే పేర్లలో పాండురంగాపురం, కిర్లంపూడి లేఅవుట్, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ తప్పకుండా ఉంటాయి. మేము సీతమ్మధారలోని సొంత ఇంటిని అద్దెకిచ్చి, రామకృష్ణా బీచ్ (ఆర్.కె. బీచ్) ఎదురుగా ఉన్న ఒక అపార్ట్‌మెంటులో అద్దెకు దిగాము. కొనే ముందు ఎండాకాలాన్నీ, వానలనూ, తుపాను నెలలనూ ఆ ఇంట్లోనే ఉండి చూడాలన్నది మా ఉద్దేశం. ఇప్పుడు నాకు స్పష్టమైన అభిప్రాయం ఏర్పడింది. ఈ ప్రాంతానికి నిశ్చింతగా మారవచ్చు. కానీ కొనదలచినవారు బీచ్ రోడ్డు మీది మొదటి వరసను వదిలి, రెండు మూడు వీధులు లోపలికి జరిగి చూసుకోవాలి. మొదటి వరస అద్దెకు ఉండటానికి ఎంతో బాగుంటుంది. కొనడం మాత్రం, ఆ ఇంటిని ఏటేటా కాపాడుకోగల ఓపికా డబ్బూ ఉన్నవారికే తగినది.

ముందుగా ఈ ప్రాంతంలోని మంచిని చెప్పాలి, ఎందుకంటే అది చాలా ఉంది. ఒక పక్క సముద్రం, మరో పక్క 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు విశాలమైన ఆవరణ ఉండటం వల్ల ఇక్కడ ఇళ్లు ఎంత దగ్గర దగ్గరగా లేచినా మనిషికి ఊపిరాడుతుంది. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపివేసి, రోడ్డంతా నడిచేవారికి వదిలేస్తారు. కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటి ముందుకు హారన్ మోత లేకుండా నడవగలగడం ఈ నగరంలో మరెక్కడా దొరకని సౌఖ్యం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నా, చదునైన ఆ దారిలో రోజూ నడుస్తున్నారు. సీతమ్మధారలో ఎత్తుపల్లాల రోడ్ల మీద ఆమె గుమ్మం దాటడానికే జంకేవారు. కింగ్ జార్జి ఆసుపత్రి మహారాణిపేటలో, దుకాణాలు సిరిపురంలో, కూరగాయలకు ఎంవీపీ కాలనీ రైతుబజారు, చేపలకు పెదజాలారిపేట, అన్నీ అందుబాటులోనే ఉన్నాయి. కారు లేనివారికి ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి కైలాసగిరికి వెళ్లే 10కె బస్సు ఈ రోడ్డు మీదుగానే నడుస్తుంది.

మే నెలలో ఇక్కడ ఉండి చూస్తేనే ఈ ఇంటి అసలు విలువ తెలుస్తుంది. ఊరి లోపల ఉక్కపోతతో అల్లాడే వేళకు సముద్రపు గాలి మొదలై రాత్రి దాకా వీస్తుంది. హాలు, పడకగది బాల్కనీ వైపు ఉంటే ఫ్యాను చాలు. అయితే ఆ గాలిలో తేమ ఎక్కువ. వంటింట్లో ఉప్పు నీరుగారడం, అప్పడాలు మెత్తబడటం, అల్మరాలోని పుస్తకాలకు బూజు పట్టడం మామూలు. ఇవి చిన్న విషయాలే, సర్దుకుపోవచ్చు.

వాస్తు పాటించేవారికి ఒక మాట. ఇక్కడి ఫ్లాట్లను చాలామంది ‘తూర్పు ముఖం’ అని చెప్పి చూపిస్తారు. విశాఖ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా సాగుతుంది కనుక, సముద్రాన్ని సూటిగా చూసే బాల్కనీ నిజానికి ఆగ్నేయాన్ని చూస్తుంది. మా అత్తగారు దిక్సూచి తెప్పించి చూసిన తరువాతే మాకు ఈ సంగతి తెలిసింది. అందుకే డిసెంబరులో ఉదయపు ఎండ చాలావరకు ఎదురుగా హాలులోకి పడుతుంది. జూన్‌కు సూర్యోదయం ఎడమ చేతి వైపు, కైలాసగిరి దిక్కుగా బాగా జరిగిపోతుంది. నమ్మకం ఉన్నా లేకపోయినా, దిక్సూచితో చూసుకోవడం మంచిది, ఎందుకంటే ఎండ, వాన, గాలి ఏ గదిలోకి ఎప్పుడు వస్తాయో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక ఉప్పు సంగతి. మొదటి వరస గురించి నిర్ణయించుకోవలసింది దీని మీదే, అందుకే దీన్ని వివరంగా చెబుతాను. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు గాలిలో కలిసి ఒడ్డున ఉన్న ప్రతి వస్తువు మీదా పేరుకుంటాయి. బాల్కనీ రెయిలింగు మీద వేలు రాస్తే జిగురు తగులుతుంది, కిటికీ అద్దాలు నాలుగు రోజులకే మసకబారుతాయి. ఏసీ బయటి యూనిట్ రేకు తుప్పు పట్టి, లోపలి కాయిల్ పాడై గ్యాస్ కారిపోవడం ఇక్కడ తరచుగా జరుగుతుంది. బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మా ఆవిడతో, ‘అమ్మగారూ, ముందు వరసలో ఉన్నోళ్లందరిదీ ఇదే గోలండి, నెలకోసారి మంచినీళ్లతో కడిగిస్తే కొంత ఆగుతాది’ అన్నాడు. ఆ సలహా పాటించాక తేడా కనబడింది. రెయిలింగుకు సాధారణంగా వాడే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఖరీదు ఎక్కువైనా 316 రకం నిలుస్తుంది. ఇనుప గ్రిల్లుకు ఏటా రంగు వేయించక తప్పదు.

ఇవన్నీ మార్చుకోగలిగిన వస్తువులు. మార్చలేనివి కాంక్రీటు లోపల ఉన్న ఇనుప చువ్వలు. కాంక్రీటు సహజంగా చువ్వలను తుప్పు నుంచి కాపాడుతుంది. కానీ ఉప్పులోని క్లోరైడు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి చువ్వను చేరితే ఆ రక్షణ తొలగిపోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటును పగలగొడుతుంది, స్లాబు అడుగు నుంచి పెచ్చులు ఊడతాయి. పైన ప్లాస్టరింగు చేసి రంగు వేస్తే లోపలి రోగం కొంతకాలం కనబడదు, అంతే. మన దేశపు కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఈ విషయంలో స్పష్టంగా ఉంది: తీరప్రాంతపు గాలికి బయటపడి ఉండే నిర్మాణానికి కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, కావాలి, సముద్రపు తుంపరలు నేరుగా తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు కావాలి. ఊరి లోపల కట్టే మామూలు ఇంటికి ఇంతకంటే తక్కువ కవరు సరిపోతుంది. కనుక కొత్త భవనం చూడటానికి వెళ్లినప్పుడు మార్బుల్, మాడ్యులర్ కిచెన్ గురించి కాకుండా, ఏ గ్రేడు కాంక్రీటు వాడారో, ఎంత కవరు ఇచ్చారో స్ట్రక్చరల్ డ్రాయింగులో చూపించమని అడగాలి. మేము చూసిన ఒక భవనంలో బిల్డరు మనిషి ఆ డ్రాయింగు చూపడానికి ఇష్టపడలేదు. ఫ్లాటు ఎంత నచ్చినా అక్కడితో ఆ ఆలోచన మానుకున్నాము.

ఒడ్డు నుంచి లోపలికి పోయేకొద్దీ గాలిలో ఉప్పు త్వరగా తగ్గుతుంది. ముందు వరస భవనాలే వెనక వీధులకు అడ్డుగోడ. అదే కాలనీలో, యూనివర్సిటీ వైపు వీధిలో ఉంటున్న మా స్నేహితుల ఇంట్లో గ్రిల్లులు, ఏసీలు మా ఇంట్లో కంటే ఎంతో మెరుగ్గా ఉండటం కళ్లారా చూశాక, రెండు మూడు వీధుల దూరం ఎంత మేలు చేస్తుందో నాకు అర్థమైంది.

గాలి విషయానికి వస్తే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ నగరం మీదనే తీరం దాటిందన్న సంగతి ఇల్లు చూసే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. ఆనాడు నగరంలో ఎన్నో భవనాల అద్దాల గోడలు పగిలిపోయాయి, విశ్వవిద్యాలయం ఆవరణలో మహావృక్షాలు కూలాయి, రోజుల తరబడి కరెంటు లేదు. గాలి ఒత్తిడికి సంబంధించిన ఐఎస్ 875 ప్రమాణం విశాఖకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకొని కట్టమంటుంది. నేల నుంచి పైకప్పు దాకా అద్దం ఉన్న బాల్కనీ చూడటానికి అందంగా ఉంటుంది, నిజమే. ఆ అద్దం మందమెంత, అది గట్టిపరచిన అద్దమేనా, ఫ్రేమును గోడకు ఎలా బిగించారు, బయట షట్టరు వేసుకునే వీలుందా అన్న ప్రశ్నలకు జవాబు రాకపోతే ఆ అందాన్ని నమ్మి పిల్లలతో ఉండలేము. పాత భవనమైతే, హుద్‌హుద్ నాడు ఏ అంతస్తులో ఏం పగిలిందో, లిఫ్టులూ నీటి మోటార్లూ ఎన్నాళ్లకు తిరిగి నడిచాయో అక్కడ అప్పుడు ఉన్నవారిని అడగండి. మాకు అలా చెప్పినవారి వల్ల తెలిసినంత ఏ బ్రోచరు వల్లా తెలియలేదు.

ఒడ్డు కోతకు గురికావడం గురించి కూడా భయాలు ఉన్నాయి, అవి నిరాధారం కావు. ఈ తీరం వెంట ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర పోర్టు అవుటర్ హార్బరు కోసం 1970లలో కట్టిన అడ్డుగోడలు ఆ ఇసుకను ఆపడం వల్ల ఆర్.కె. బీచ్‌కు సహజంగా చేరవలసినది చేరదు. పోర్టు తవ్వితీసిన ఇసుకను ఇటు పంపి పోయించడం అందుకే. 2021 డిసెంబరులో కోత ఎక్కువై, బీచ్ రోడ్డు పక్కన పార్కు దగ్గర నేల కుంగింది. రోడ్డుకు ఇవతల ఉన్న భవనాలకు దీనివల్ల రేపో మాపో ప్రమాదం వస్తుందని నేను అనుకోవడం లేదు. కానీ ముప్ఫై నలభై ఏళ్లు ఉండాలని, ఆపై పిల్లలకు ఇవ్వాలని కొనేవారు ఆలోచించవలసిన విషయమే.

నీటి విషయం క్లుప్తంగా చెబుతాను. ఒడ్డుకు దగ్గరగా బోరు నీటిలో ఉప్పదనం తగిలే అవకాశం ఎక్కువ, కాబట్టి భవనానికి మునిసిపల్ కనెక్షను ఉందా, ఎండాకాలంలో ట్యాంకర్ల ఖర్చు ఎంత వచ్చిందో అసోసియేషన్ లెక్కల పుస్తకంలో చూడాలి. మురుగు కలిసిన గెడ్డలు, కాలువలు సముద్రంలోకి దిగే చోట్ల సాయంత్రం పూట వాసన వస్తుంది. ఫ్లాటు చూడటానికి ఉదయం కాక ఒకసారి సాయంత్రం కూడా వెళ్లండి.

ఆదివారం సాయంత్రాలు ఈ రోడ్డు ఊరందరిదీ. అలా ఉండటమే న్యాయం; గాజువాక నుంచి, గోపాలపట్నం నుంచి కుటుంబాలతో వచ్చేవారికి సముద్రం మీద మనకున్నంత హక్కు ఉంది. కానీ ఆ సందడి, బండ్ల హారన్లు, ఇంటి ముందు అడ్డదిడ్డంగా నిలిపే వాహనాలు మొదటి వరసవారికి నేరుగా తగులుతాయి. నౌకాదళ విన్యాసాలు ఇక్కడ జరిగినప్పుడు వాటికీ, వాటి రిహార్సళ్లకూ, ఏటా డిసెంబరు 31 రాత్రికీ ట్రాఫిక్ ఆంక్షలు ఉంటాయి. 2016లో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష, 2025 జూన్ 21న యోగా దినోత్సవం వంటి పెద్ద సందర్భాలలోనూ అంతే. యుద్ధనౌకల విన్యాసాలను ఇంటి బాల్కనీ నుంచి చూడగలగడం పిల్లలకు మరపురాని భాగ్యం. అదే రోజు ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే కారు ఎటు నుంచి తీయాలో ముందే అనుకొని ఉంచుకోవాలి. వెనక వీధులలో ఉన్నవారు సిరిపురం, పెదవాల్తేరు వైపు దారులలో బయటపడగలరు.

కాగితాల దగ్గర రెండు విషయాలు ఈ ప్రాంతానికి ప్రత్యేకం. మొదటిది తీరప్రాంత నియంత్రణ నిబంధనలు. ఇప్పటికే అభివృద్ధి చెందిన పట్టణ తీరంలో, ఉన్న రోడ్డుకు గాని, అనుమతి పొందిన పాత కట్టడాలకు గాని లోపలి వైపున మాత్రమే కొత్త భవనాలకు అనుమతి ఉంటుంది. దీనివల్ల మొదటి వరసవారి ఎదుటి దృశ్యానికి కొంత రక్షణ ఉంది. వెనక వీధిలో ‘సీ వ్యూ’ పేరిట అదనపు ధర అడిగితే ఇవ్వవద్దు, ఎందుకంటే ముందున్న పాత బంగళా రేపు అపార్ట్‌మెంటు కావచ్చు. రెండవది భూమి చరిత్ర. ఈ నగరంలో భూవివాదాలు కొత్త కావు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22-ఏ జాబితా న్యాయవాది చేత పరిశీలింపజేయాలి. పాత ఫ్లాటు కొనేటప్పుడు గదుల వైశాల్యం కంటే స్థలంలో మీకు వచ్చే అవిభక్త వాటా ముఖ్యం. ఉప్పు తిన్న భవనాన్ని ఏదో ఒకనాడు పడగొట్టి మళ్లీ కట్టవలసి వస్తుంది, అప్పుడు మిగిలేది ఆ వాటాయే.

ఇదే సొమ్ముకు ఎండాడ, రుషికొండ వైపు ఇంకా పెద్ద ఫ్లాట్లు, కొత్త కట్టడాలు దొరుకుతాయి. ఉద్యోగం మధురవాడలో ఉన్నవారికి అవే నయం. మా పిల్లల కాలేజీ, అత్తగారి డాక్టర్లు, నా ఉద్యోగం అన్నీ ఊరి నడుమే ఉన్నందువల్ల మాకు అవి కుదరవు. ఎంవీపీ కాలనీ సదుపాయాలలో ఏ మాత్రం తీసిపోదు, సముద్రం కూడా దూరం కాదు. కానీ ఉదయం లేచి చెప్పులు వేసుకొని నేరుగా ఇసుకలోకి నడిచే వీలు మాకు ఇక్కడే ఎక్కువ. ఆ వీలు వెనక వీధిలో ఉన్నా అలాగే ఉంటుంది, మహా అయితే ఐదు నిమిషాలు ఎక్కువ నడవాలి.

అందువల్ల అద్దె ఒప్పందం ముగిశాక కిర్లంపూడి లేఅవుట్ వెనక వైపు, యూనివర్సిటీ గోడకు దగ్గరగా పాత ఫ్లాటు కొనాలని ఇంట్లో అందరం అనుకున్నాము. ఇప్పటికి చూసిన వాటిలో ఒకటి నచ్చింది. అడ్వాన్సు ఇచ్చే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును వెంట తీసుకువెళ్లి, రంగు వేసిన గోడలను వదిలి, సెల్లారులో స్తంభాల మొదళ్లను, మేడ మీద నీళ్ల ట్యాంకు అడుగును, సముద్రం వైపు సన్‌షేడ్ల కింది భాగాన్ని చూపిస్తాము. అక్కడ చువ్వలు బయటపడి ఉంటే ధర ఎంత తగ్గించినా తీసుకోము.